ఇత్తడి తేలిన నికాన్ ఎఫ్‌ఎం2: సెకండ్ హ్యాండ్‌లో కొనడం, వాడడం, కాపాడుకోవడం

పాత ఫిల్ము కెమెరా కొనడానికి బయలుదేరినవారిలో చాలామంది పైమెరుపు చూసి డబ్బు పెడతారు. బీరువాలో కలరా ఉండల మధ్య ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న కెమెరా మీద గీత ఒక్కటీ ఉండదు కాబట్టి దానికి రెండు మూడు వేలు ఎక్కువ చెప్పినా ఎవరూ మారుమాట్లాడరు; పెళ్లిపందిళ్లలోనూ పత్రికాఫీసుల్లోనూ ఏళ్లపాటు చేతుల్లో నలిగి, అంచుల దగ్గర నల్లరంగు చెదిరి ఇత్తడి బయటపడ్డ కెమెరాను మాత్రం 'బాగా వాడేశారండీ' అని పక్కకు నెట్టేస్తారు. నికాన్ ఎఫ్‌ఎం2ను కొన్నేళ్లుగా వాడుతున్న నాకు ఈ లెక్క తలకిందులుగా ఉన్నట్టు తోస్తుంది. యాంత్రికమైన కెమెరాకు వాడకం వల్ల జరిగే హాని కంటే మూలన పడి ఉండడం వల్ల జరిగే హాని ఎక్కువని నా అభిప్రాయం.

నా దగ్గర ఉన్నది వరంగల్‌లో పెళ్లిళ్ల ఫోటోలు తీసి, తరువాత పూర్తిగా డిజిటల్‌కు మారిపోయిన ఒక స్టూడియో యజమాని నుంచి కొన్నది. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు దానితోపాటే వచ్చింది. పెంటాప్రిజం మీద, రివైండ్ నాబ్ చుట్టూ, కుడిచేతి బొటనవేలు ఆనే చోట రంగు పూర్తిగా పోయింది. అడుగున ఒక మూల సొట్ట ఉంది. ఈ సొట్ట చూపించి బేరం ఆడినందుకు ఆయన కొంచెం నొచ్చుకున్నాడు గాని, ధర మాత్రం తగ్గించాడు.

నికాన్ ఈ నమూనాను 1982లో విడుదల చేసింది. బ్యాటరీ లేకపోయినా ఒక సెకను మొదలుకొని సెకనులో నాలుగువేలవ వంతు వరకు అన్ని షట్టర్ వేగాలూ (ఫిల్ము ముందున్న తెర తెరిచి ఉండే సమయాలు) పనిచేయడం దీని ప్రత్యేకత. అంత వేగం రావాలంటే షట్టర్ రేకులు చాలా తేలికగా ఉండాలి, అయినా వంగకూడదు. అందుకని వాటిని టైటానియంతో చేసి, పైన తేనెపట్టు గళ్ల అచ్చు వేశారు. మొదటి రకంలో ఫ్లాష్ సింక్ వేగం, అంటే ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టర్ వేగం, 1/200 ఉండేది. 1984లో వచ్చిన రెండో రకంలో దానిని 1/250కి పెంచారు. దీనినే అందరూ ఎఫ్‌ఎం2ఎన్ అంటారు, అయితే కెమెరా ముందు భాగంలో ఆ పేరు కనిపించదు. వెనుక ఉన్న సీరియల్ నంబరు ఎన్ అక్షరంతో మొదలవడమూ, షట్టర్ డయల్ మీద 250 అంకె ఎర్రగా ఉండడమూ దాని గుర్తులు. 1989 నుంచి టైటానియం స్థానంలో అల్యూమినియం రేకులు వాడుతూ 2001 దాకా తయారు చేశారు.

అమ్మేవారు టైటానియం షట్టర్ అని చెప్పి ధర పెంచడం మామూలు. ఫోటోలో దానికీ దీనికీ ఏ తేడా రాదు. పైగా అల్యూమినియం రేకులున్న కెమెరా అంటే వయసులో చిన్నదని అర్థం, కాబట్టి రెండూ ఒకే స్థితిలో దొరికితే నేను అల్యూమినియందే తీసుకుంటాను. స్టీవ్ మెక్‌కర్రీ 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో తీసిన అఫ్గాన్ బాలిక చిత్రం ఈ నమూనా కెమెరాతోనే, 105 మి.మీ. ఎఫ్/2.5 లెన్సుతో తీసినదన్న మాటను కూడా బేరంలో తరచు వినవలసి వస్తుంది. అది నిజమే గాని, మన ముందున్న కెమెరాలో ఒక సెకను వేగం సరిగా నడుస్తోందా లేదా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

1/4000 వేగం ఎందుకన్న సందేహం కొందరికి వస్తుంది. చల్లని దేశాలవారికి అది అరుదుగా పనికివచ్చే హంగు కావచ్చు, కానీ తెలుగు నేల మీద సంవత్సరంలో సగం రోజులు అది నిత్యావసరం. పూర్తిగా కాసే ఎండలో అపర్చర్ (లెన్సులోని రంధ్రం; అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్/16 పెట్టి, ఫిల్ము ఐఎస్ఓ అంకెకు, అంటే వెలుతురుకు అది ఎంత చురుకో చెప్పే అంకెకు, దగ్గరగా ఉన్న షట్టర్ వేగం పెడితే ఎక్స్‌పోజర్ సరిపోతుందన్న పాత సూత్రం ప్రకారం ఐఎస్ఓ 400 ఫిల్ముకు 1/500 కావాలి. గరిష్ఠ వేగం 1/1000 మాత్రమే ఉన్న పెంటాక్స్ కె1000 లాంటి కెమెరాతో అదే ఎండలో ఎఫ్/11 కంటే ఎక్కువ తెరవడం కుదరదు, అంటే ముందున్న మనిషీ వెనుకనున్న కరెంటు స్తంభమూ ఒకే స్పష్టతతో పడతాయి. ఎఫ్‌ఎం2 మీద అయితే ఎఫ్/5.6 దాకా తెరవవచ్చు. ఐఎస్ఓ 100 ఫిల్ము వేస్తే ఎఫ్/2.8 కూడా అందుతుంది. లోపల ఒకటే రీలు వేసి పొద్దున గుడి మంటపంలోనూ మధ్యాహ్నం మిరపకల్లంలోనూ తిరిగేవారికి ఈ రెండు స్టాపుల తేడా విలువ బాగా తెలుస్తుంది (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో సగమో కావడం).

కొనేముందు నేను చూసిన రెండు కెమెరాల గురించి కొంచెం వివరంగా చెబుతాను. మొదటిది హైదరాబాద్‌లోని ఒక ఇంట్లో, కంపెనీ తోలు కేసులో ఉంది. పైకి నిన్న దుకాణం నుంచి తెచ్చినట్టే ఉంది. కేసు గుండీ విప్పగానే చెమ్మ వాసన కొట్టింది. వెనుక తలుపు తీస్తే, వెలుతురు లోపలికి రాకుండా తలుపు చుట్టూ గాడిలో వేసే స్పాంజి పూర్తిగా కరిగి తారులా వేలికి అంటుకుంది. ఒక సెకను వేగం పెట్టి నొక్కితే తెర తెరుచుకుని, గర్రుమంటూ సగం దాకా నడిచి, ఆగి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు మూసుకుంది. అరసెకనుకూ పావుసెకనుకూ శబ్దంలో తేడా లేదు. అడుగున బ్యాటరీ మూత నాణెంతో తిప్పబోతే కదల్లేదు, బలవంతాన కదిపితే లోపల పచ్చని చిలుము. లెన్సు వెనుక నుంచి సెల్‌ఫోన్ లైటు వేసి వాలుగా చూస్తే అద్దాల మధ్య ఎండిన కొమ్మల్లా బూజు అల్లుకుని ఉంది. అది కొనడానికి అయ్యే ఖర్చు కంటే బాగుచేయించడానికి ఎక్కువ అవుతుందని యజమానికి చెప్పినా ఆయన నమ్మలేదు, 'ఇరవై రీళ్లు కూడా తీయలేదు సార్ దీంతో' అన్నాడు. సమస్య అక్కడే ఉంది.

రెండోది వరంగల్ కెమెరా. ఒక సెకను వేగం మొదటి నుంచి చివరిదాకా ఒకే స్వరంతో నడిచింది, అరసెకను అందులో సగం, పావుసెకను ఇంకా సగం, చెవికే తెలిసిపోయింది. పాత స్పాంజి తీసేసి గాడిలో నల్ల ఊలు దారం కూర్చి ఉంది. అది ఆయనే చేసుకున్నాడట. వ్యూఫైండర్‌లో రెండు మూడు నలకలు కనిపించాయి గాని వాటితో ఫోటోకు సంబంధం లేదు. ఫిల్ము జారే పట్టాలు నున్నగా, గీతలు లేకుండా ఉన్నాయి.

రెండింటికీ ఈ తేడా ఎందుకొచ్చిందో చెప్పుకోవడం అవసరం. వేగమైన షట్టర్ వేగాలను స్ప్రింగు బిగువు నడిపిస్తుంది. నెమ్మది వేగాలను మాత్రం చిన్న పళ్లచక్రాల వరస ఆపి ఆపి వదులుతుంది. ఆ చక్రాల ఇరుసుల్లో అతి తక్కువ నూనె ఉంటుంది. కదలిక లేకపోతే ఆ నూనె చిక్కబడి జిగురవుతుంది, ముందుగా దెబ్బతినేది ఒక సెకను, అరసెకను వేగాలే. అందుకే పాత కెమెరా ఏదైనా చేతిలోకి తీసుకోగానే మొదట వినవలసినది ఆ శబ్దం. కోఠిలో నేను కెమెరా చూపించే పెద్దాయన ఏ కెమెరా ఇచ్చినా మూత విప్పకముందే 'ఎన్నాళ్లు మూలన పెట్టారు బాబూ?' అని అడుగుతాడు, ఎన్ని రీళ్లు తీశారని ఎప్పుడూ అడగడు.

చెవి మీద నమ్మకం లేనివారికి సెల్‌ఫోన్ ఉంది. వెనుక తలుపు తెరిచి, లెన్సు తీసి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో వీడియో తీస్తే 1/30 వేగానికి ఎనిమిది ఫ్రేముల దాకా, 1/15కి పదహారు దాకా తెర తెరిచి కనిపించాలి. ఒకటి రెండు ఫ్రేముల తేడా పట్టించుకోనక్కరలేదు. 1/125 దాటాక ఈ పద్ధతి లెక్కకు నిలవదు. పై వేగాలకు అదే కిటికీ ముందు కన్ను పెట్టి 1/1000, 1/2000, 1/4000 నొక్కి చూడాలి. వెలుతురు గడి మొత్తం సమానంగా మెరవాలి. ఎఫ్‌ఎం2 షట్టర్ నిలువుగా నడుస్తుంది కాబట్టి పై అంచులోనో కింది అంచులోనో చీకటి పట్టీ కనిపిస్తే రెండు తెరలు ఒకదాన్నొకటి తరుముకోవడంలో పొత్తు తప్పిందని అర్థం. ఆ కెమెరా ఎంత చవకైనా వద్దనడమే మేలు. రేకుల మీద సొట్ట, అల, వేలిముద్ర ఉన్నాయేమో కూడా అప్పుడే చూడాలి, ఎందుకంటే రీలు ఎక్కించేటప్పుడు బొటనవేలు తగిలి రేకు నొక్కుకుపోయిన కెమెరాలు సంతలో కనిపిస్తూనే ఉంటాయి.

వెలుతురు కొలిచే మీటర్‌ను ఏదైనా డిజిటల్ కెమెరాతో పోల్చి చూడవచ్చు. ఒకే రంగు గోడను రెండింటితో చూసి, ఐఎస్ఓ ఒకటే పెట్టి, అరస్టాపు లోపు తేడా ఉంటే సంతృప్తి పడవచ్చు. ఐఎస్ఓ రింగు తిప్పుతున్నప్పుడు వ్యూఫైండర్‌లోని మీటర్ దీపాలు వరుసగా మారక గెంతులు వేస్తుంటే లోపలి రెసిస్టర్ మీద మురికి చేరిందని అనుకోవాలి. మీటర్ పూర్తిగా చచ్చిపోయినా కెమెరా పనిచేస్తుంది కాబట్టి, అలాంటిది సగం ధరకు వస్తే సెల్‌ఫోన్‌లో మీటర్ యాప్ పెట్టుకుని వాడుకోవడం తప్పేమీ కాదు. స్క్రూల తలలు నలిగి ఉన్నాయా అని కూడా చూడాలి, నలిగాయంటే తెలియనివారు ఎవరో విప్పారన్నమాట.

ధరల సంగతి. ఈ మధ్య బాడీ ఒక్కటే ఇరవై వేల రూపాయలకు అటూ ఇటూ మొదలై, స్థితిని బట్టి పైకి పోతోంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో చవకగా దొరుకుతాయన్న ఆశతో వెళ్లేవారున్నారు. అక్కడ నాకు కనిపించినవి ఎక్కువగా ప్లాస్టిక్ పాయింట్ అండ్ షూట్లు, రష్యన్ జెనిత్‌లు, బూజు పట్టిన జూమ్ లెన్సులు. మంచి ఎఫ్‌ఎం2లు ఇంకా స్టూడియోల అల్మారాల్లోనే ఉన్నాయి, అడిగితే బయటికి వస్తాయి. జపాన్ నుంచి తెప్పించుకునేవారు కస్టమ్స్ సుంకం కూడా కలిపి లెక్క చూసుకోవాలి.

వాడకంలో ఈ కెమెరా ఎక్కడా అడ్డం రాదు. బరువు 540 గ్రాములు. చేతికి తెలుస్తుంది గాని మెడకు భారం కాదు. ఫిల్మును ముందుకు జరిపే వైండింగ్ లివర్‌ను కొంచెం బయటికి లాగితేనే షట్టర్ తాళం విడుతుంది, అప్పుడు షట్టర్ బటన్‌ను సగం నొక్కితే మీటర్ మేలుకుంటుంది. కుడికన్నుతో చూసేవారికి ఇది చక్కని ఏర్పాటు. ఎడమకన్నుతో చూసేవారికి మాత్రం ఆ లివర్ కొస సరిగ్గా నుదుటికో కనుబొమకో గుచ్చుకుంటుంది, కళ్లజోడు ఉంటే అద్దానికి తగులుతుంది. ఆ అలవాటున్నవారు కొనేముందు ఒకసారి కంటికి పెట్టుకుని చూడడం తప్పనిసరి.

వ్యూఫైండర్ పెద్దది, వెలుతురైనది. మధ్యలోని గుండ్రని గడిలో రెండుగా చీలిన బొమ్మ కలిసేదాకా ఫోకస్ తిప్పితే సరి. కుడి పక్కన మూడు ఎర్రదీపాలు ఉంటాయి: పైన ప్లస్, మధ్యలో సున్నా, కింద మైనస్. సున్నా ఒక్కటే వెలిగితే సరైన ఎక్స్‌పోజర్. సున్నాతోపాటు ప్లస్సో మైనస్సో వెలిగితే ఒక స్టాపు లోపు తేడా. చీకటి మంటపంలో కె1000 మీటర్ ముల్లు కనిపించదు, ఈ దీపాలు కనిపిస్తాయి. అయితే అదే చీకటిలో షట్టర్ వేగం అంకె, లెన్సు మీది నుంచి చిన్న కిటికీలో కనిపించే అపర్చర్ అంకె రెండూ కనిపించవు, వాటికి లోపల దీపం లేదు. దీపారాధన వేళ ఫోటోలు తీయాలంటే అంకెలు వేళ్ల లెక్కన గుర్తుంచుకోవాలి.

మీటర్ గడి మధ్య భాగానికి అరవై శాతం, మిగిలినదానికి నలభై శాతం ప్రాధాన్యం ఇస్తుంది. ఇది తెలిస్తే మన పెళ్లిళ్లలో దాన్ని ఎలా సరిదిద్దుకోవాలో తెలుస్తుంది. తెల్లని మధుపర్కాల్లో పీటల మీద కూర్చున్న వధూవరులను గడి నిండా పెట్టి సున్నా దీపం వెలిగించుకుంటే తెలుపు బూడిదరంగులోకి దిగి, ముఖాలు మరింత నల్లబడతాయి. అలాంటప్పుడు ప్లస్ వెలిగినా సరే ఒక స్టాపు ఎక్కువ ఇవ్వాలి. రంగు నెగెటివ్ ఫిల్ము ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువను ఓర్చుకోదు, కాబట్టి ఈ దిద్దుబాటులో నష్టం లేదు. నాకు కెమెరా ఇచ్చిన ఫోటోగ్రాఫర్ మధుపర్కాల మీద మీటర్ పెట్టేవాడే కాడట, తన చేతి మీద వెలుతురు కొలిచి స్థిరపరచుకునేవాడట.

షట్టర్ శబ్దం గట్టిగానే ఉంటుంది. సంగీత కచేరీలో ముందు వరసలో కూర్చుని నొక్కితే పక్కవారు తిరిగి చూస్తారు. రీలు ఎక్కించాక రివైండ్ క్రాంకును సున్నితంగా తిప్పి వదులు తీసి, తరువాత లివర్ తిప్పినప్పుడల్లా ఆ నాబ్ కూడా తిరుగుతోందా అని చూసుకోవాలి. అది తిరగకపోతే ఫిల్ము పట్టుకోలేదని అర్థం.

లెన్సుల విషయంలో నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్సు బాడీకి బిగిసే ఏర్పాటు) 1959 నుంచి ఉన్నా, అన్నీ దీనికి పనికిరావు. 1977లో లెన్సు అపర్చర్‌ను మీటర్‌కు తెలిపే ఎఐ పద్ధతి రాకముందు తయారైన లెన్సులను మార్పు చేయించకుండా దీనికి తగిలించకూడదు, బాడీ అంచున ఉన్న మీటర్ కొక్కెం విరిగే ప్రమాదం ఉంది. అపర్చర్ రింగు లేని కొత్త జీ రకం లెన్సులు తగులుతాయి గాని, ఎప్పుడూ అతి చిన్న రంధ్రంతోనే ఫోటో పడుతుంది. ఎఐ, ఎఐ-ఎస్, రింగు ఉన్న ఏఎఫ్-డీ లెన్సులు నిశ్చింతగా వాడుకోవచ్చు. డిజిటల్ నికాన్ కోసం కొన్న ఏఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8డీ ఇంట్లో ఉంటే వేరే లెన్సు కొననక్కరలేదు. పాత లెన్సు కొనేటప్పుడు అపర్చర్ రేకుల మీద నూనె తడి ఉందా అని, ముందు గాజు కంటే వెనుక గాజు మీద గీతలు ఉన్నాయా అని చూడాలి. బొమ్మను ఎక్కువగా పాడుచేసేవి వెనుక గీతలే.

సంరక్షణలో మనకు పెద్ద శత్రువు చెమ్మ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఉండేవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి. తోలు కేసు చూడడానికి ఎంత అందంగా ఉన్నా తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, బూజుకు అంతకంటే అనువైన చోటు ఉండదు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటర్ ఉంటే చాలు. తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య ఉండాలి. మరీ పొడిగా ఉంచినా గ్రీజు ఎండిపోతుంది. బియ్యంలో పెట్టడమన్న చిట్కాను దయచేసి ఎవరూ పాటించవద్దు, తవుడు కెమెరా లోపలికి చేరుతుంది. వీటన్నిటి కంటే మేలైనది కెమెరాను నెలకు ఒకటి రెండుసార్లు బయటికి తీసి, ఎండ తగలనిచ్చి, అన్ని వేగాల్లోనూ నాలుగైదుసార్లు నొక్కడం. పక్కన పెట్టేటప్పుడు షట్టర్‌ను బిగించి ఉంచకూడదు.

స్పాంజి మార్చడం ఇంట్లో చేసుకోదగిన పని. సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదిపుల్లకు అద్ది, పాత జిగురును ఓపికగా తుడిచి, గాడిలో నల్ల ఊలు దారమో పలుచని స్పాంజి పట్టీయో అతికిస్తే సరిపోతుంది. ఈ పని చేసేటప్పుడు షట్టర్ రేకుల మీదికి ముక్కలు రాలకుండా కాగితం అడ్డం పెట్టుకోవాలి. అద్దం పైకి లేచినప్పుడు తగిలే మెత్తని పట్టీని కూడా మరిచిపోకూడదు, అది కరిగితే అద్దం అక్కడే అతుక్కుపోతుంది. ఆ అద్దాన్నీ ఫోకసింగ్ స్క్రీన్‌నూ వేలితోగాని గుడ్డతోగాని తుడవరాదు. గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఊది వదిలేయాలి.

మీటర్‌కు రెండు ఎల్‌ఆర్44 బటన్ సెల్స్ కావాలి, వాచీలు బాగుచేసే ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. కొంచెం ఎక్కువ ఖర్చైనా ఎస్‌ఆర్44 వేస్తే కారే ప్రమాదం తక్కువ. చిలుము కొంచెమే పడితే దూదిపుల్లతో ఒక్క చుక్క వెనిగర్ అద్ది తుడిచి, తరువాత ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తే పోతుంది. చాలారోజులు వాడనప్పుడు సెల్స్ తీసి పెట్టుకోవడమే మంచిది.

షట్టర్, పళ్లచక్రాలు, లెన్సు లోపలి బూజు మాత్రం చేయి తిరిగినవారు చేయవలసిన పని. మిత్రుడొకరు నెమ్మది వేగాలు పట్టేస్తున్నాయని ఒక దుకాణంలో ఇస్తే, వాళ్లు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అక్కడికక్కడే బాగుచేసి ఇచ్చారు. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది, ఆ తరువాత నూనె షట్టర్ రేకుల మీదికి పాకి తెర పూర్తిగా నిలిచిపోయింది. సర్వీసింగ్ అంటే పాత నూనెను కడిగి, అవసరమైన చోట మాత్రమే కొత్తది వేసి, వేగాలు యంత్రం మీద కొలిచి సరిచేయడం. పాత వేగాలు, కొత్త వేగాలు కాగితం మీద రాసి ఇస్తారా అని ముందే అడగాలి. హైదరాబాద్‌లో కోఠి, అబిడ్స్ వైపు ఈ పని తెలిసిన చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి, అయితే వారిలో చాలామంది పెద్దవయసువారు, శిష్యులు లేరు.

ఇక రీళ్ల ఖర్చు. రంగు రీలు ఒకటి వెయ్యి రూపాయల దరిదాపుల్లో ఉంది. కడిగించి, స్కాన్ చేయించడం కలిపితే ఒక్కో ఫోటోకు నలభై రూపాయలు పడుతుంది. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో రీళ్లు తయారుచేసిన కాలం పోయింది, ఇప్పుడు దొరికేవన్నీ దిగుమతి సరుకే. అమెరికా నుంచి వచ్చే బంధువులతో రీళ్లు తెప్పించుకునేవారు వాటిని చెక్-ఇన్ పెట్టెలో వేయవద్దని, చేతిసంచిలో ఉంచుకుని, సీటీ స్కానర్ ఉన్న విమానాశ్రయాల్లో చేత్తో తనిఖీ చేయమని అడగాలని ముందే చెప్పి పంపాలి. ఆ స్కానర్ ఒక్కసారి తగిలినా కడగని ఫిల్ముకు మసక పడుతుంది.

నలుపు తెలుపు రీలు ఇంట్లో కడుక్కుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌ను డీ-76 డెవలపర్‌లో 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషాలు ఉంచాలి. మనకు ఆ 20 డిగ్రీలే కష్టం. వేసవిలో డెవలపర్ సీసాను మంచునీళ్ల బకెట్లో నిలబెట్టి థర్మామీటర్ చూస్తూ కూర్చోవాలి. విచిత్రమేమిటంటే రంగు రీళ్ల సీ-41 పద్ధతికి కావలసిన 38 డిగ్రీలు మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లకు దాదాపుగా ఉంటాయి, చలికాలంలో హీటర్‌తో వేడి నిలబెట్టవలసిన పని వేసవిలో ఉండదు.

ఫోటోగ్రఫీ ఓనమాలు నేర్చుకోవడానికే కెమెరా కావాలనుకునేవారికి ఎఫ్‌ఎం2 అవసరం లేదు. నికాన్ కోసం కొసీనా తయారుచేసిన ఎఫ్‌ఎం10 1995లో వచ్చింది, అదీ బ్యాటరీ లేకుండా అన్ని వేగాల్లోనూ పనిచేస్తుంది, గరిష్ఠ వేగం 1/2000. బాడీ ప్లాస్టిక్ కాబట్టి కింద పడితే బతకదు, లివర్ తిప్పినప్పుడు గట్టిదనం ఉండదు, కానీ ధర ఎఫ్‌ఎం2లో సగం కూడా ఉండదు. అపర్చర్‌ను మనం పెడితే షట్టర్ వేగాన్ని కెమెరాయే చూసుకోవాలనుకునేవారు నికాన్ ఎఫ్‌ఈ2ను వెతుక్కోవాలి, అయితే దాని షట్టర్ వేగాలు బ్యాటరీ మీద ఆధారపడి ఉంటాయి, లోపలి సర్క్యూటు పోతే బాగుచేసేవారు దొరకడం కష్టం. ఎఫ్‌ఎం10తో మొదలుపెట్టినవారు తరువాత ఎఫ్‌ఎం2కు మారినా నష్టమేమీ లేదు. అప్పటిదాకా కొన్న ఎఐ లెన్సులన్నీ దీనికీ తగులుతాయి.